తమ్ముడి కథ రాస్తున్న కుర్రాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క బిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కథతో పాటు పెట్టిన చీటీలో "ఇది మా తమ్ముడి గురించేనండీ, వాడికి సెరిబ్రల్ పాల్సీ, పసితనంలోనే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ వాడి మాట వినవు" అని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క నన్ను కథకంటే ఎక్కువగా పట్టుకుంది.

మరి కథలో వాడికి పోలియో ఎందుకు అంటగట్టావు నాయనా? సెల్‌ఫోన్‌లో ఆటలాడుకునే పిల్లాడికి పోలియో ఎక్కణ్ణుంచి వస్తుంది? మన దేశంలో ఆ వైరస్ సహజంగా సోకిన చివరి కేసు 2011 జనవరి 13న, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. పోలియో అంటే పాఠకుడికి ఇట్టే అర్థమవుతుందని అనుకుని ఉంటావు. ఉన్నదే రాయి. బిగుసుకుపోయే కాళ్లు, నోట్లోంచి మాట రావడానికి వాడు పడే యాతన, వాడు చెప్పేలోపే పక్కవాళ్లు అందుకుని పూర్తి చేసేయడం, వాడు వింటుండగానే చుట్టాలు "వీడికి తెలుస్తుందా?" అని మీ అమ్మను అడగడం. ఇవి నీకు తెలిసినట్టు నాకు తెలియవు.

ఇంకోటి. "దివ్యాంగుడైన తన సోదరుణ్ణి చూసి గర్వపడ్డాడు" అని రాశావు. ఏ ఇంట్లో ఏ అన్న అలా అనుకుంటాడు? అది సదరం క్యాంపులో వైకల్యానికి శాతం వేసి ఇచ్చే సర్టిఫికెట్ భాష. పింఛనుకు ఆ కాగితం కావాలి, కాదనను. కానీ పదేళ్ల కుర్రాడి మనసులో వాడు "మా చిన్నోడు". బడి దగ్గర ఎవడో "కుంటోడు" అంటే, అన్నది అన్నట్టుగా రాయి. ఆ మాట మంచిది కాదని వదిలేస్తే దెబ్బ తగిలినట్టు ఎవరికీ తెలియదు.

గర్వం దగ్గరికి వద్దాం. నాకూ ఒక తమ్ముడున్నాడు. 1964లో, రెండేళ్ల వయసులో, వాడికి జ్వరమొస్తే సూది వేయించారు. తెల్లారేసరికి కుడి కాలు వేలాడిపోయింది. పోలియో ఒంట్లో ఉండగా సూది వేస్తే, సూది దిగిన కాలే చచ్చుబడే ప్రమాదం పెరుగుతుందని చాలా ఏళ్లకు తెలిసింది. తెలిశాక కూడా మా అమ్మ తన చేతుల్తో సూదికి ఎత్తుకెళ్లానన్న బాధలోంచి బయటపడలేదు. వాడికి అయిదేళ్లప్పుడు, కాలికి ఆసరాగా తొడిగే క్యాలిపర్ వచ్చింది. రెండు ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు, కింద బూటు. మోకాలి దగ్గర కడ్డీకి ఒక రింగు. నిలబడితే టక్కున కిందికి జారి మోకాలు మడత పడకుండా పట్టేస్తుంది. కూర్చోవాలంటే దాన్ని చేత్తో పైకి లాగాలి. ఆ టక్కు శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాడు ఎదిగాడు గానీ కొత్తది కొనే స్తోమత లేక పాతదే తొడిగేవాళ్లం. ఇనుప మోకాలు కిందికి, అసలు మోకాలు పైకి. తొడ మీద పట్టీ ఒరిసి ఎర్రగా కందిపోయేది. రాత్రి కొబ్బరినూనె రాసేవాణ్ణి.

క్యాలిపర్ రాకముందు మూడేళ్లూ నేనే వాణ్ణి వీపున వేసుకుని తిప్పేవాణ్ణి. బడిలో పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్లు. అందుకే క్యాలిపర్ రాగానే రోజూ సాయంత్రం కాలవగట్టు మీద నడిపించడం మొదలుపెట్టాను. పడితే లేపేవాణ్ణి కాదు, "లెయ్, లెయ్" అని అరిచేవాణ్ణి. ఊళ్లోవాళ్లు "అన్నంటే అలా ఉండాలి" అన్నారు. నిజమేమిటంటే నాకు సిగ్గేసేది. వాడు ఇంటి నుంచి బడి దాకా ఒక్కడే నడిచొచ్చిన రోజు, ఆ నడకేదో నేనే నడిచినట్టు రొమ్ము విరుచుకున్నాను. ఆ రాత్రి నూనె రాస్తుంటే వాడు అడిగాడు:

"ఇంక ఎత్తుకోవా అన్నయ్యా?"

నలభై ఏళ్లు ఆ మాట రాయలేకపోయాను. రాస్తే నేను బయటపడతాను మరి. వాడంటే ప్రాణం, ఆ నూనె అబద్ధం కాదు. సిగ్గు కూడా అబద్ధం కాదు. నీ కథలో అన్న ఒట్టి దేవుడిలా ఉన్నాడు. వాడు ఎప్పుడు విసుక్కున్నాడు? తమ్ముణ్ణి ఇంట్లో వదిలేసి క్రికెట్‌కి పోయిన రోజు ఏమైంది? స్నేహితులు ఇంటికొస్తే లోపలి గదిలో ఉంచాడా? ఆ పేజీ రాయాలంటే చెయ్యి వణుకుతుంది. అయినా రాయి.

చివర్లో తమ్ముణ్ణి చంపేశావు. జ్వరమన్నావు, వాన అన్నావు, అయిపోయింది. ఎంతసేపూ అన్న ఏడవడానికే వాడు పుట్టినట్టు ఉంది. వాడికి ఇష్టమైన కూర ఏమిటి? ఎవరి మీద కోపం? కథ మొత్తంలో వాడికి మూడే మాటలిచ్చావు, మూడూ "అన్నయ్యా" అనేవే. మా వాడు బస్సు హారన్ విని ఏ డ్రైవరో చెప్పేవాడు. నాతో పోట్లాడి మూడు రోజులు మాట్లాడకుండా ఉండగలిగేవాడు. ఇప్పుడు మనవళ్లతో చదరంగం ఆడి ఓడితే ఒప్పుకోడు.

ఈసారి రాసింది నాకు పంపకముందు మీ తమ్ముడికి చదివి వినిపించు. తొందరపెట్టకు, వాడి మాట వాణ్ణే పూర్తి చెయ్యనీ. వాడు ఎక్కడ నవ్వాడో, ఎక్కడ "అబద్ధం" అన్నాడో అక్కడల్లా పక్కన గీత పెట్టి, ఆ కాగితాలే పంపు.

ఉంటాను.