‘ఇది స్పష్టమే’ అన్నచోట ఆగి చూడు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన హాస్య వ్యాసం రెండుసార్లు చదివాను. లెక్కల మాస్టార్లు పాఠం చెప్పేటప్పుడు వాడే మాటల మీద రాయాలన్న ఆలోచన చాలా నచ్చింది. రాసిన తీరు మాత్రం నచ్చలేదు. మీ మాస్టారి జుట్టు చెదిరి ఉంది, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పాయి, కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని గదంతా వెతుకుతున్నారు. ఇదంతా ఎవరి గురించైనా రాయొచ్చు. నవ్వు ఆయన నోటి మాటలో ఉంటే, నువ్వు చొక్కా దగ్గరే ఆగిపోయావు.

నేను చదువుకునే రోజుల్లో ఒక మాస్టారు బోర్డు మీద ఒక సెట్, అంటే సంఖ్యల గుంపొకటి, రాసి, ‘ఇది ఓపెన్ సెట్’ అన్నారు. నా పక్కన కూర్చున్న కుర్రాడు, ‘అయితే క్లోజ్డ్ కాదన్నమాట’ అని నోట్సులో రాసుకుంటూ పైకే అనేశాడు. ‘క్లోజ్డ్ కూడా’ అన్నారు మాస్టారు. వాడి పెన్ను ఆగిపోయింది. ‘రెండూ కానివి కూడా ఉంటాయి. సున్నా నుంచి ఒకటి దాకా సంఖ్యలన్నీ తీసుకో. సున్నాని ఉంచు, ఒకటిని తీసెయ్. అది ఓపెనూ కాదు, క్లోజ్డూ కాదు.’ వాడు మెల్లగా తల తిప్పి క్లాసు తలుపు వైపు చూశాడు. మాస్టారు అది గమనించి, ఎంతో దయగా, ‘తలుపుని మర్చిపో నాయనా’ అన్నారు.

క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వులో ఎవరికీ అవమానం లేదు, చూడు. కుర్రాడు తెలివితక్కువవాడు కాదు; ఆ మాటకు ఊళ్లో ఉన్న అర్థాన్నే నమ్మాడు. మాస్టారూ తప్పు చెప్పలేదు. ఓపెన్ సెట్ అంటే, అందులోని ప్రతి బిందువుకూ చుట్టూ కాస్త చోటు ఆ సెట్‌లోనే ఉండాలి. క్లోజ్డ్ అంటే, ఆ సెట్‌కి బయట మిగిలినది ఓపెన్ కావాలి. ఈ రెండు షరతులూ ఒకదాన్నొకటి కాదనవు. ఖాళీ సెట్ రెండిటికీ సరిపోతుంది. ఇది నీకు అర్థమైతేనే ఆ తలుపు జోకు రాయగలవు. అర్థం కాకుండా రాస్తే ‘లెక్కలోళ్లు ఏదో వాగుతారు’ అన్నట్టు ఉంటుంది, చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది.

‘ఇది స్పష్టమే’ గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నన్నడిగితే వ్యాసమంతా దాని మీదే రాయొచ్చు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఖగోళ యాంత్రిక శాస్త్రం మీద, అంటే గ్రహాల కదలికల లెక్కల మీద, రాసిన మహాగ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన నథానియెల్ బౌడిచ్ (1773–1838) ఏమనేవాడో తెలుసా? లాప్లాస్ ‘స్పష్టమే’ అన్న ప్రతిచోటా తనకు గంటల తరబడి చాకిరీ తప్పదని ముందే అర్థమైపోయేదట. లాప్లాస్ అబద్ధమాడాడని కాదు. ఏళ్ల తరబడి నడిచిన దారిలో మెట్లు కాలికి తెలియవు. పాఠం చెప్పేవాళ్లకూ అంతే. కానీ ఆ మాట వినగానే క్లాసులో ప్రతి ఒక్కరూ ‘నాకొక్కడికే అర్థం కాలేదు కాబోలు’ అని టెన్షన్ పడి నోరు మూసుకుంటారు. నలభైమందికి నలభైమందీ అలాగే అనుకుంటారు! ఈ మౌనం గురించి రాయమ్మా. నవ్వు వస్తుంది, గుండె కూడా కాస్త కలుక్కుమంటుంది.

ఇంకొకటి. నీ జోకులు సగం ఇంగ్లీషు మాటల మీద ఆధారపడ్డాయి, వాటిని విడమర్చి చెప్పేసరికే రసం కారిపోయింది. మన భాషలో ఉన్నవి చూడు. ‘లెక్కలేనన్ని’ అని ఎంత సులువుగా అనేస్తాం! గణితంలో భిన్నాలు అనంతం, అయినా వాటిని వరసలో నిలబెట్టి ఒకటీ, రెండూ అని నంబర్లు ఇవ్వొచ్చు, కాబట్టి అవి లెక్కకు వచ్చేవే. వాస్తవ సంఖ్యలను, అంటే సంఖ్యారేఖ మీద ఒక్కో బిందువుకూ ఉండే సంఖ్యలన్నిటినీ, అలా నిలబెట్టలేమని 1874లో గణితవేత్త కాంటర్ చూపించాడు. నిజంగా లెక్కలేనన్ని అంటే అవీ! ‘దాదాపు అన్నీ’ కూడా అలాంటిదే. దాదాపు అన్ని సహజ సంఖ్యలూ లక్ష కోట్ల కన్నా పెద్దవే అంటే గణితంలో అది అక్షరాలా నిజం. మిగిలిపోయిన ఆ లక్ష కోట్ల సంఖ్యలూ పరిమితం కనుక ‘దాదాపు’లో కలిసిపోతాయి. దీన్ని పెంచకు, తగ్గించకు. ఉన్నదున్నట్టు చెప్పు చాలు.

‘మిగతాది మీరే చేసుకోండి’ మీద నువ్వు రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. ‘స్పష్టమే’ అని చెప్పి, కాసేపు బయటికెళ్లి ఆలోచించుకుని వచ్చి, ‘అవును, స్పష్టమే’ అన్న ప్రొఫెసర్ కథ మాత్రం తీసెయ్. దాన్ని ఎందరి పేర్ల మీదో చెప్పేశారు.

వీలైతే రేపే మీ మాస్టారి క్లాసుకెళ్లి వెనక బెంచీలో కూర్చో. ఆయన ‘స్పష్టమే’ అన్నప్పుడు బోర్డు వైపు చూడకు, పక్కవాళ్ల పెన్నుల వైపు చూడు. ఏ పెన్ను ఆగిందో, ఏది ఊరికే కదులుతోందో రాసుకో. ఆ కాగితం నాకు పంపు, వ్యాసం తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారి లాంటి మరో మాస్టారి శిష్యుడు