సిమ్యులేషన్ కోర్సు సంగతి తర్వాత, ముందు షెడ్డుకి పంపండి

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ చివరి సంవత్సరం. ఇంజెక్షన్ మోల్డింగ్ సిమ్యులేషన్ (కరిగిన ప్లాస్టిక్ అచ్చులో నిండే తీరును కంప్యూటర్‌లో లెక్కగట్టడం) మీద ప్రాజెక్టు చేస్తున్నాడు. ఫైబర్ ఓరియంటేషన్, అంటే ప్లాస్టిక్‌లో కలిపిన పీచు ఎటు తిరిగి ఉంటుందన్నది, అర్థం కావట్లేదంటున్నాడు. ఆటోనగర్‌లో మోల్డింగ్ షెడ్డుకి ఇంటర్న్‌షిప్‌కి వెళ్తానంటే వద్దన్నాం. మూడు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చాలా, విజయవాడలో సిపెట్‌కి (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ ఇంజనీరింగ్ సంస్థ) పంపాలా? కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమే వస్తుంది కదా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ చివరి వాక్యమే అసలు ప్రశ్న. గాజువాక నుంచి మధురవాడ దాకా నాకు వచ్చే ఉత్తరాలన్నీ అక్కడికే చేరతాయి. ఇంజనీరింగ్ చదివించి మళ్లీ షెడ్డులోకి తోస్తామా అన్న దిగులు.

అర్థం కాకపోవడం వింతేమీ కాదండీ. గాజు పీచు కలిపిన నైలాన్ కరిగి అచ్చులోకి వెళ్లేటప్పుడు, గోడల దగ్గర రాపిడికి పీచు ప్రవాహం వెంట పడుకుంటుంది. నడిమి పొరలో, ముఖ్యంగా గేటు (ప్లాస్టిక్ అచ్చులోకి దిగే దారి) నుంచి విసనకర్రలా విచ్చుకునే చోట, అడ్డం తిరుగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందంలోనే ఇంత తేడా! పీచు పడుకున్న దిశలో ముక్క తక్కువ కుంచించుకుంటుంది, అడ్డంగా ఎక్కువ. అందుకే చల్లారాక వంకర పోతుంది. రెండు ప్రవాహాలు ఎదురెదురుగా కలిసే వెల్డ్ లైన్ దగ్గర పీచు అవతలికి దాటదు. ముక్క విరిగితే ఎక్కువగా అక్కడే.

సాఫ్ట్‌వేర్ దీన్నంతా 0 నుంచి 1 దాకా రంగుల్లో చూపిస్తుంది. 1 దగ్గరైతే దాదాపు అంతా ఒకే దిశ. మూడు దిశల్లోనూ 0.33 వస్తే ఎటు పడితే అటు. వెనక ఉన్నది 1984లో ఫోల్గర్, టక్కర్ అనే పరిశోధకులు ఇచ్చిన గణిత నమూనా. పీచులు ఒకదాన్నొకటి తోసుకుని దారి తప్పడాన్ని వాళ్లు ఒక గుణకంలో పెట్టారు. ఆ నమూనా పీచును నిజంకన్నా తొందరగా తిప్పేస్తుందని తేలాక సవరణలు వచ్చాయి. ఈ కథ తెలియనివాడికి తెర మీద ఎరుపు వట్టి ఎరుపే.

మూడు నెలల కోర్సుల మీద నాకు గురి లేనిది ఇందుకే. ఏ బటన్ నొక్కాలో నేర్పుతారు, సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటర్వ్యూలో ‘ఇక్కడ ఎరుపెందుకు’ అంటే కుర్రాడు నీళ్లు నములుతాడు. అలా వచ్చి నా ముందు కూర్చున్న పిల్లలు ఒకరిద్దరు కాదు.

ఇక మీ సంగతి. చేతికి నూనె అంటితే నామోషీ మీకు, అబ్బాయికి కాదు. తనంతట తాను షెడ్డుకి వెళ్తానన్న పిల్లాణ్ణి ఆపి, ఇప్పుడు ఫీజు కట్టి నేర్పిస్తానంటారా? నెల రోజులు వెళ్లనివ్వండి. పీచు కలిపిన ముక్క నుంచి ప్రవాహం వెంట ఒక పట్టీ, అడ్డంగా ఒక పట్టీ కోయించుకుని వంచి చూడమనండి. ఏది ముందు విరిగిందో చూశాక తన ప్రాజెక్టు బొమ్మలు తెరవమనండి.

సిపెట్ ప్రవేశం వివరాలు మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. మిషన్లు, అచ్చులు, టెస్టింగ్ ఒకే చోట దొరుకుతాయి కాబట్టి, ఆ నెల తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే నా ఓటు దానికే. నిలవకపోయినా పోయేదేమీ లేదు, కంగారు పడకండి. చాలామంది రంగుల బొమ్మను రిపోర్టులో అతికించి ఊరుకుంటారు. మీవాడు అర్థం కాలేదని ఇంట్లో చెప్పాడు. ఆ షెడ్డు యజమానికి రేపు మీరే ఫోన్ చేయండి.