అలాయ్ వీల్స్ వేయించాక కారు వణుకుతోంది, రింగులు నేనే వేయించుకుంటే కేసు పోతుందా?

డౌట్: సార్, నా కారుకి బయట షాపులో నాలుగు అలాయ్ వీల్స్ వేయించాను. స్పీడు 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేశారు, తగ్గలేదు. ఇప్పుడేమో నీ సస్పెన్షన్‌లోనే ప్రాబ్లం, మాకు సంబంధం లేదంటున్నారు. షోరూంకి వెళ్తే బయటి వీల్స్ వేశారు కాబట్టి వారంటీ మొత్తం పోయిందన్నారు. వేరే మెకానిక్ హబ్ రింగులు వేస్తే సరిపోతుంది అంటున్నాడు. నా డబ్బుతో వేయించేసుకుంటే తర్వాత కేసు నిలబడదా? బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ముద్ర కూడా ఉంది.

జవాబు: వేయించుకోండి అండీ, కేసేం పోదు. కాకపోతే ఇవాళే వద్దు, వణుకు ఎందుకొస్తోందో ముందు కాగితం మీదకి ఎక్కనివ్వండి. చాలామంది రిపేరు చేయించేసుకుని, ఆ రసీదొక్కటే పట్టుకుని వస్తారు. అవతలి లాయరు లేచి ఇప్పుడు బండి బాగానే ఉంది కదా, మా వీల్స్ వల్లే వణికిందని ఎవరు చూశారు అంటే మన దగ్గర జవాబుండదు.

నేను మెకానిక్‌ని కాదు గానీ ఇలాంటి ఫైలు పట్టుకుంటే ముందు వర్క్‌షాప్‌లో కూర్చుని నేర్చుకోవాల్సిందే. వీల్ మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది చూడండి, దాన్ని సెంటర్ బోర్ అంటారు. కంపెనీ వీల్‌కి అది హబ్ మీద, అంటే కారుకి వీల్ బిగించే మధ్య భాగం మీద, బిగుతుగా కూర్చుంటుంది. బయట దొరికే వీల్స్ రకరకాల కార్లకి సరిపోవాలని ఆ రంధ్రం పెద్దగా పెడతారు. ఉదాహరణకి హబ్ 54.1 మిల్లీమీటర్లు, వీల్ బోర్ 73.1 అనుకోండి, చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ, వేలు పెడితే తెలిసిపోతుంది. ఆ ఖాళీ నింపడానికే హబ్ రింగు. చాలా రిములకి ఈ నంబరు వెనకవైపు అచ్చు వేసి ఉంటుంది, ఫొటో తీసి పెట్టుకోండి.

మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేసినా ఎందుకు తగ్గలేదో కూడా ఇక్కడే తెలిసే అవకాశం ఉంది. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద వీల్‌ని కోన్‌తో సరిగ్గా మధ్యలోనే బిగిస్తారు కాబట్టి అక్కడ సున్నా చూపిస్తుంది, అదే వీల్ కారు మీద కాస్త పక్కకి కూర్చుంటే మళ్లీ వణుకే. కాబట్టి ఆ మూడు బ్యాలెన్సింగ్ స్లిప్పులు పారేయకండి, వీల్ మెషిన్ మీద బాగుండి కారు మీద బాగాలేదని చెప్పేవి అవే. అయితే ఖాళీ ఉంది కాబట్టి తప్పు షాపుదే అని అనేసుకోవద్దు, కోన్ నట్లు సరిగ్గా బిగిస్తే రింగు లేకుండానే వీల్ మధ్యకి వచ్చే సందర్భాలున్నాయి, అవతలి లాయరు ముందు పట్టుకునేది ఇదే.

అందుకే పరీక్ష కావాలి. పాత వీల్స్ మీ దగ్గరే ఉంటే అవి వేసి అదే రోడ్డు మీద అదే స్పీడులో నడిపించండి. వణుకు మాయమైతే సస్పెన్షన్ కథ దాదాపు అక్కడితో అయిపోయినట్టే. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి ఉంటే, స్టెప్నీ అదే సైజుదైతే ముందు ఒక పక్కా తర్వాత రెండో పక్కా వేసి చూడండి. ఈ పని షాపుతో సంబంధం లేని వర్క్‌షాప్‌లో చేయించి, రన్-అవుట్, అంటే వీల్ తిరిగేటప్పుడు పక్కకి ఎంత ఊగుతోందో, డయల్ గేజ్ అనే కొలత పరికరంతో కొలిపించి, లెటర్‌హెడ్ మీద తేదీ, కిలోమీటర్ రీడింగ్ వేసి రాయించుకోండి. వీడియో తీసిన ఫోన్ జాగ్రత్త, కోర్టులో పెట్టేటప్పుడు ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ అడుగుతారు. ఒకటి మాత్రం వెంటనే చూపించండి, పాత నట్లే కొత్త వీల్స్‌కి వాడారేమో. నట్టు కూర్చునే చోటు కోన్‌గా ఉంటే కోన్ నట్టే ఉండాలి, గుండ్రటిదో చదునుదో వేస్తే అది సరిగ్గా పట్టదు, నడుస్తుండగా వదులవుతుంది. అలా ఉంటే కేసు సంగతి తర్వాత, బండి బయటికి తీయకండి.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వీల్‌లోనే లోపం ఉంటే అది సరుకులో లోపం, సరిపడని వీల్ అమ్మి రింగు లేకుండా బిగిస్తే సేవలో లోపం, రెండూ కలిపే రాయొచ్చు. ఆ ముద్రని చూసి భయపడక్కర్లేదు. సెక్షన్ 2(47) చూడండి, లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతే. 'వాపసు లేదు' అన్నది గడువు కాదు కదా. అందుకే 30 రోజుల్లోపు వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా అడిగేయండి. ఆ 30 రోజులు దాటిపోయినా ఫిర్యాదుకి సెక్షన్ 69 కింద రెండేళ్ల టైం ఉంది.

షోరూం వాళ్లది సగం నిజం. వారంటీ అంటే కాంట్రాక్టు, బయటి వీల్స్ వల్ల వీల్ బేరింగో సస్పెన్షనో పాడైతే వాళ్లు కాదనొచ్చు. అలాగని ఏసీ పాడైతే వీల్స్ పేరు చెప్పి తప్పించుకోవడం ఏం న్యాయం? ఏ పార్టు, వారంటీ బుక్‌లో ఏ కండిషన్ కింద రిజెక్ట్ చేస్తున్నారో రాసిమ్మనండి, నోటిమాటగా వారంటీ పోయింది అన్నవాళ్లు రాతలోకొచ్చేసరికి తరచూ తగ్గుతారు.

మీ వైపు కూడా ఒకటి చూసుకోవాలి. రిము, టైరు సైజు కంపెనీ మీ మోడల్‌కి చెప్పిన సైజుల్లో ఉందా? లేకపోతే బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గొడవ అవతలివాళ్లు ఎత్తుతారు. సెక్షన్ 182ఎ(4) ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి ఐదువేల జరిమానా గానీ ఆరునెలల దాకా జైలు గానీ ఉంది. షాపుమీద ఫైరయ్యే ముందు మాన్యువల్ తిరగేయండి.

రిపోర్టు చేతికొచ్చాక షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసివ్వండి, ఫలానా కారణం, 15 రోజుల్లో సరిచేయండి లేదా డబ్బు వాపసివ్వండి, లేకపోతే నేనే బాగుచేయించుకుని ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాను అని. ఆ గడువయ్యాక రింగులు వేయించుకుంటే అదే మీకు బలం, పైగా రింగులతో వణుకు పోయిందంటే కారణం రుజువైనట్టే. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, షాపు ఊరికి పోనక్కర్లేదు, మీరుండే చోటే సెక్షన్ 34 కింద కుదురుతుంది, మీరు చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టండి, కొన్ని షాపులు అక్కడే దిగొస్తాయి.