జంతువులంటే ప్రాణం, అదే చదువుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో సైకాలజీ చదువుతోంది. మనుషులకూ జంతువులకూ ఉండే అనుబంధం మీదే పీజీ, పరిశోధన చేస్తానంటోంది. అలాంటి చదువు ఉందా? ఉద్యోగం దొరుకుతుందా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉందండీ. మీరు చెప్పిన అనుబంధాన్ని చదివేది ఆంత్రోజువాలజీ. పరిసరాలు మన మనసు మీద ఎలా పనిచేస్తాయో చూసేది ఎన్విరాన్‌మెంటల్ సైకాలజీ. ప్రకృతిని కాపాడే అలవాట్లు మనుషులకు ఎలా అబ్బుతాయో చూసేది కన్జర్వేషన్ సైకాలజీ.

ఈ రంగాల్లో పని ఎలా ఉంటుందో ఎన్విరాన్‌మెంటల్ సైకాలజీ నుంచి ఒక ఉదాహరణ చెప్తాను. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ల ఆసుపత్రి రికార్డులను రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించి, 1984లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, కొందరికి ఇటుక గోడ. వయసు వంటివి సరిపోయేలా 23 జతలు కట్టి పోల్చారు. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పిమందులు తక్కువ వాడారు. ఇలాంటి పనికి ప్రకృతి మీద ఇష్టం ఒక్కటే చాలదు, ఓపిక, లెక్కలు కావాలి. మీ అమ్మాయి స్టాటిస్టిక్స్ అంటే తప్పించుకు తిరుగుతుంటే ఆ సంగతి ఇప్పుడే మాట్లాడండి. పెంపుడు జంతువుల వల్ల ఆరోగ్యం మెరుగుపడుతుందా అన్నదానిపై ఫలితాలు ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా వచ్చాయి. తను నమ్మినదానికి వ్యతిరేకంగా లెక్క తేలినా ఒప్పుకునే మనసుండాలి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్తాను. ఈ పేర్లతో ప్రకటనలు అరుదు. అందుకే పీజీ క్లినికల్ సైకాలజీలోనో సోషల్ సైకాలజీలోనో చేసి, డిసర్టేషన్‌కు, అంటే పీజీలో భాగంగా రాసే పరిశోధన వ్యాసానికి, ఈ అంశం తీసుకోవడం మంచిది. కౌన్సెలింగ్, బోధన, పరిశోధన దారులు తెరిచే ఉంటాయి. జంతువుల తోడుతో చేసే థెరపీ, పెంపుడు జంతువు పోయినవాళ్లకు కౌన్సెలింగ్, అడవి జంతువులతో ఇబ్బంది పడే ఊళ్లలో సంరక్షణ సంస్థల పని, ఇవన్నీ ఆ పునాది మీదే వస్తాయి.

ఈ సెలవుల్లో ఏదైనా జంతు సంరక్షణ కేంద్రంలో వాలంటీరుగా చేరమనండి. కుక్కను వదిలేయడానికి వచ్చినవాళ్లతో మాట్లాడే చోట కూర్చోవాలి. వాళ్ల మీద కోపం రావడం సహజం. కోపం వచ్చాక కూడా, ‘ఇంత ప్రేమగా పెంచి ఎందుకు వదిలేస్తున్నారు?’ అని తెలుసుకోవాలనిపిస్తే ఈ చదువు తనదే. ధ్యాసంతా కుక్క మీదే ఉంటే వెటర్నరీ వైపో, జంతు ప్రవర్తన చదివే జువాలజీ వైపో చూడండి. ఆ దారి మారాలన్నా డిగ్రీ పూర్తయ్యేలోపే విచారించుకోవడం మేలు.