సెన్సార్ లేని లఘుచిత్రాన్ని క్వియర్ చిత్రోత్సవానికి పంపవచ్చా?
స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ల కథలు చూపే క్వియర్ ఉత్సవానికి మీ లఘుచిత్రం పంపాలని ఉన్నా, సెన్సార్ సర్టిఫికెట్ లేదని, తెలుగు సినిమాను ముంబయిలో ఎవరు చూస్తారని వెనకాడుతున్నారు. మొదటిది మీ తలనొప్పి కాదండీ. ఉత్సవాల్లో వేసే అలాంటి చిత్రాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ మినహాయింపు ఇస్తుంది. దాన్ని నిర్వాహకులే తెచ్చుకుంటారు. 2010లో మొదలైన ముంబయి క్వియర్ చిత్రోత్సవం కషిష్‌కు నిస్సంకోచంగా పంపండి.

రెండో భయానికి మందు ఉపశీర్షికలే (సబ్‌టైటిల్స్). అసలు జాగ్రత్త వాటి దగ్గరే. మా నగరంలో జరిగిన చిన్న ఎల్‌జీబీటీ ఉత్సవంలో నా సినిమా వేశారు. కొడుకు అమ్మకు నిజం చెప్పే ఘట్టం. ఆమె తెల్ల చీర మీద తెల్ల అక్షరాలు కలిసిపోయాయి! తెలుగు రానివాళ్లు పక్కవాళ్లను గుసగుసగా అడుగుతుంటే కుర్చీలో ముడుచుకుపోయాను. అక్షరాలకు నల్ల అంచు పెట్టండి.

నటుల రాతపూర్వక అంగీకారం మరవకండి. పోస్టరు చూశాకే ఇంట్లో తెలిస్తే కష్టం వాళ్లకే.