పాడుతుంటే హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వస్తోంది, బఫర్ ఎంత పెట్టాలి?

బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి ఎన్ని శాంపిళ్లు, అంటే శబ్దం ముక్కలు, పోగేసి పంపుతుందో ఆ అంకె) 1024లో ఉంచితే గొంతు వెనకబడుతోంది, 64కి దించితే చిటపటలు వస్తున్నాయి, ఏది పెట్టాలని కదా అడిగారు. ఒకే అంకె పెట్టి వదిలేసేది కాదండీ ఇది, పాడేటప్పుడు ఒకటి, మిక్సింగ్‌కి ఒకటి.

మాది పర్లాకిమిడి. మేడ మీద గదిలో పాత ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని, హెడ్‌ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెట్టుకుని భజన పాటలు రికార్డు చేస్తుంటాను, తెలుగువీ ఒడియావీ. మొదట్లో మా బావ పాడుతుంటే తాళం జారిపోయేది. తాళంలో గట్టి మనిషే, అయినా తప్పు తనదే అనుకుని నాలుగు టేకులు పాడించాను, చివరికి హెడ్‌ఫోన్ తీసి పడేసి "వెనక ఎవడో నన్ను వెక్కిరిస్తున్నట్టుందిరా" అన్నాడు.

చూస్తే బఫర్ 1024. ఆ అంకెని శాంపిల్ రేటుతో, అంటే సెకనుకి ఎన్ని శాంపిళ్లు తీస్తుందో ఆ లెక్కతో, భాగిస్తే ఆలస్యం ఎంతో తెలిసిపోతుంది. 48,000 దగ్గర 1024 అంటే సుమారు 21 మిల్లీసెకన్లు, అదీ ఒక వైపే. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, అంటే 40 దాటుతుంది, ఇంటర్‌ఫేస్ తీసుకునేది అదనం. అదే 128 అయితే రెండు వైపులా కలిపి 5 చిల్లర, హార్మోనియానికి ఆరడుగుల దూరంలో కూర్చుని విన్నట్టే.

మరి బఫర్ తగ్గిస్తే చిటపటలెందుకంటే, చిన్న చెంబుతో నీళ్లందిస్తుంటే ఒక్కసారి చెయ్యి ఆగినా ధార తెగుతుంది, ప్రాసెసర్ పరిస్థితీ అదే. మా ఊళ్లో కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి రాగానే చిటపటలు మొదలయ్యేవి. పవర్ సేవింగ్‌లో ప్రాసెసర్ నెమ్మదిస్తుందని చాలా రోజులకి గాని వెలగలేదు, ఈలోగా కేబుళ్లు కూడా మార్చేశాను!

ఇంకోటి, మాస్టర్ ట్రాక్ (అన్ని ట్రాకులూ కలిసేది) మీద లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) లాంటిది ఉంటే తీసేసి పాడించండి. ముందు రాబోయే శబ్దాన్ని చూసుకుని పనిచేసే ఇలాంటి ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు) బఫర్ ఎంత తగ్గించినా తమ ఆలస్యం తాము కలుపుతాయి. విండోస్ అయితే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో (ASIO) డ్రైవరే వేయండి, ఆలస్యం తగ్గించడానికే అది. బ్లూటూత్ హెడ్‌ఫోన్ తన ఆలస్యం తాను కలుపుతుంది, దాని జోలికి అసలు పోవద్దు.

ముందు 256తో మొదలుపెట్టి 128కి దించి చూడండి, రికార్డింగ్ అయ్యాక ప్లగిన్లు వేసేటప్పుడు 1024కి పెంచేయండి, అప్పుడు ఆలస్యంతో పనేముంది? మీ ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే అసలు గొడవే లేదు, గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండానే చెవిలో పడుతుంది, సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (గొంతుని తిరిగి వినిపించడం) మాత్రం ఆపాలి, లేదంటే రెండు గొంతులు వినిపిస్తాయి. కాకపోతే అలా వినేది ఉత్త గొంతు. రివర్బ్ (ప్రతిధ్వని లాంటి మోత) లేకపోతే మా బావకి పాటే రాదు, అందుకే మేమింకా 128 మీదే నడుస్తున్నాం.