పటాలం ఖర్చు ఏ పద్దులో ఉంది?

అనంతపురం,
ఆదివారం.

పాపా,

నీ థీసిస్ రెండో చాప్టర్ రెండుసార్లు చదివాను. ఇంగ్లిష్ బాగుంది, కోపం కూడా బాగుంది. కానీ ముప్పై ఏళ్ళు ట్రెజరీలో బిల్లులు పాస్ చేసినవాణ్ణి కదా, నాకు ముందు అంకె కనబడుతుంది, కోపం తర్వాత. నీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 1890లో లండన్ వాళ్ళు స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ (సింగపూర్, పెనాంగ్, మలక్కా కలిసిన బ్రిటిష్ కాలనీ) కట్టాల్సిన మిలిటరీ కంట్రిబ్యూషన్‌ను, అంటే అక్కడి పటాలం ఖర్చుకు కాలనీ ఇచ్చే చందాను, సుమారు 50 వేల పౌన్ల నుంచి లక్ష పౌన్లకు పెంచారు, అంటే రెట్టింపు చేశారు అని రాశావు. తప్పేమీ లేదు. కానీ సింగపూర్ ఖజానాలో ఉన్నది పౌన్లు కాదు, వెండి డాలర్లు.

కాగితం తీసుకుని లెక్క వెయ్యి. 1870ల మొదట్లో డాలర్ విలువ సుమారు నాలుగు షిల్లింగులు. పౌనుకు ఇరవై షిల్లింగులు కాబట్టి పౌను కొనాలంటే ఐదు డాలర్లు. 50 వేల పౌన్లంటే రెండున్నర లక్షల డాలర్లు. ఆ తర్వాత వెండి ధర పడుతూ పడుతూ 1890ల నడిమికి డాలర్ రెండు షిల్లింగుల దగ్గరకు వచ్చింది. ఇప్పుడు పౌనుకు పది డాలర్లు. లక్ష పౌన్లంటే పది లక్షల డాలర్లు. లండన్ పుస్తకంలో రెట్టింపు, సింగపూర్ పుస్తకంలో నాలుగింతలు! నీ చాప్టర్ మొత్తంలో ఈ మాట లేదు.

కాబట్టి ఇంకేమీ రాయకముందు మూడు కాలమ్‌ల పట్టిక ఒకటి వేసుకో. ఏడాది, కట్టిన పౌన్లు, ఆ ఏడాది మారకం రేటు ప్రకారం డాలర్లు. హాంకాంగ్‌కు కూడా అలాగే. అక్కడ 1865 నుంచి 20 వేల పౌన్లు, 1890లో 40 వేలు. వాళ్ళదీ వెండే. మన రూపాయికీ ఆ రోజుల్లో అదే రోగం. హోమ్ చార్జీలు, అంటే ఇండియా సర్కారు లండన్‌లో పెట్టే ఖర్చులు, పౌన్లలో కట్టాలి, రైతు శిస్తు కట్టేది రూపాయల్లో. స్ట్రెయిట్స్ డాలర్ విలువను రెండు షిల్లింగుల నాలుగు పెన్నీల దగ్గర స్థిరంగా కట్టేసింది 1906లో. అంతవరకూ నీ పట్టికలో మూడో కాలమ్ లేకపోతే మొదటి రెండూ దండగ.

రెండో సంగతి. పటాలం ఎవరి కోసం ఉందన్న ప్రశ్నను నువ్వు ఒక పేరాలో తేల్చేశావు. అది అంత తేలిగ్గా తేలేది కాదు. మా అపార్ట్‌మెంట్ సంగతి చెబుతాను విను. మొదట్లో వాచ్‌మన్‌ను పెట్టింది బిల్డర్, జీతం ఇచ్చేది మేము. ఒక రాత్రి పదకొండు గంటలకు ట్యాంకు నిండి పొర్లుతోంది, నీళ్ళు మెట్ల మీదుగా దిగి రెండో అంతస్తులో మా చెప్పుల స్టాండ్ దాకా వచ్చాయి. మోటర్ ఆపడానికి వాచ్‌మన్ లేడు. ఎక్కడున్నాడయ్యా అంటే, పక్కవీధిలో బిల్డర్ మొదలుపెట్టిన కొత్త సైటులో సిమెంటు బస్తాల పక్కన మంచం వేసుకుని పడుకున్నాడు. నెలాఖరుకు బిల్లు మాత్రం మాకే వచ్చింది. మీటింగ్‌లో అడిగితే, "మీ ఇళ్ళకే కదా సార్ కాపలా" అన్నాడా మహానుభావుడు.

సింగపూర్ వ్యాపారుల గొడవ సరిగ్గా ఇదే. చైనాకు పోయే ఓడలు బొగ్గు నింపుకునే రేవు అది. ఆ రేవును కాపాడుకోవడం సామ్రాజ్యం మొత్తానికి అవసరం, ఖర్చు మా ఒక్కరి నెత్తిన ఎందుకు అని వాళ్ళ వాదన. మీ సరుకు, మీ గోదాములు భద్రంగా ఉన్నాయంటే మా సైన్యం వల్లే, డబ్బున్నవాళ్ళు కట్టండి అని లండన్ వాదన. రెండింటిలోనూ నిజం ఉంది. కానీ సిపాయిలు ఎంతమంది ఉండాలో, ఎప్పుడు ఎక్కడికి పోవాలో చెప్పేది లండన్‌లోని వార్ ఆఫీసు. 1900లో చైనాలో బాక్సర్ల తిరుగుబాటు వస్తే హాంకాంగ్ రెజిమెంట్‌ను టియన్‌జిన్ వైపు పంపారు. అందుకే ప్రతి ఏడాదికీ మస్టర్ (సిపాయిల హాజరు పట్టీ) చూడు. చందా ఎంతమంది లెక్కన కట్టించుకున్నారు, ఆ ఏడాది ఊళ్ళో నిజంగా ఉన్నది ఎంతమంది? మా ఆఫీసులో మస్టర్ రోల్ చూడకుండా జీతాల బిల్లు పాస్ చేస్తే సస్పెన్షనే.

రాజీనామాల భాగం బాగా రాశావు, దాన్ని కదపవద్దు. 1895లో శాసన మండలిలోని అనధికార సభ్యులు (సర్కారు ఉద్యోగులు కానివాళ్ళు), వాళ్ళతో పాటు చాలామంది జస్టిస్ ఆఫ్ ది పీస్‌లు (గౌరవ మెజిస్ట్రేట్లు), చైనీస్ అడ్వైజరీ బోర్డు పెద్దలు పదవులు వదిలేయడం మామూలు విషయం కాదు. అంతకు ముందు, 1890లో చందా పెంచినప్పటి గవర్నర్ సెసిల్ క్లెమెంటి స్మిత్ స్వయంగా లండన్‌కు అభ్యంతరం రాశాడన్నది మాత్రం ఇంకాస్త పైకి తీసుకురా. మనసులో వద్దనుకుంటూనే, పై నుంచి ఆర్డరు వచ్చింది కాబట్టి ప్రభుత్వ సభ్యుల ఓట్లతో పద్దు పాస్ చేయించాల్సి వచ్చిన మనిషి ఆయన. అలాంటి ఫైళ్ళ మీద నేనూ సంతకాలు పెట్టాను. ఆ కుర్చీలో కూర్చున్నవాడి తిప్పలు నాకు తెలుసు.

గొడవ అయ్యాక వచ్చిందేమిటి? పౌన్ల లెక్క పోయి శాతం వచ్చింది. రాబడిలో 17.5 శాతం, తర్వాత అది 20 శాతానికి చేరింది. దీన్ని నువ్వు వ్యాపారుల గెలుపు అని రాశావు. నాకు అలా అనిపించలేదు. మారకం రేటు దెబ్బ తప్పింది, నిజమే. కానీ ఊరు బాగుపడినకొద్దీ, ఎవరూ నోరు తెరవకుండానే, చందా దానంతటదే పెరుగుతూ పోతుంది. పటాలంలో ఒక్క సిపాయి కూడా పెరగనక్కర్లేదు. పైగా శాతం అన్నాక అసలు తగువు "దేని మీద శాతం" అన్నదే. భూములు అమ్మితే వచ్చిన సొమ్ము రాబడా? పోస్టాఫీసు వసూళ్ళు రాబడా, సేవకు తీసుకున్న కూలా? ఇక నల్లమందు సంగతి చూడు. 1910 దాకా దాన్ని కాంట్రాక్టుకు ఇచ్చేవాళ్ళు, గుత్తేదారు కట్టేది మాత్రమే ఖజానాకు వచ్చేది. ఆ ఏడాది సర్కారే అమ్మకం చేతిలోకి తీసుకుంది. అప్పటి నుంచి అమ్మకం సొమ్ము మొత్తం రాబడి వైపు, సరుకు కొన్న ఖర్చు ఖర్చు వైపు పడుతుంది. లాభం పైసా పెరగకపోయినా పుస్తకంలో రాబడి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీద ఇరవై శాతం కట్టించారా, మినహాయించారా? బడ్జెట్ పుస్తకంలో అడుగున చిన్న అక్షరాల్లో ఉండే నోట్ల కోసం వెతుకు. పెద్ద అక్షరాల్లో రాసిన ఉపన్యాసాలు నీ దగ్గర ఇప్పటికే చాలా ఉన్నాయి.

నల్లమందు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, వ్యాపారులను మరీ దేవుళ్ళను చెయ్యకు. చాలా ఏళ్ళు స్ట్రెయిట్స్ రాబడిలో దాదాపు సగం నల్లమందు నుంచే. 1910 ప్రాంతంలో ఆదాయపు పన్ను అనగానే ఈ పెద్దమనుషులే గోల చేస్తే బిల్లు మూలన పడింది. అంటే మిలిటరీ చందా కోసం మండలిలో అరిచింది ఒకరు, దాన్ని రాత్రిపూట గొట్టంలో పీల్చి కట్టింది మరొకరు, రేవులో మూటలు మోసే చైనా కూలి. మా మీటింగ్‌లోనూ మెయింటెనెన్స్ గురించి అందరికంటే గట్టిగా మాట్లాడేవాడికి ఎనిమిది నెలల బాకీ ఉంది.

1867కు ముందు కథ నువ్వు పూర్తిగా వదిలేశావు. కనీసం నాలుగు పేజీలు ఇవ్వు. అప్పటిదాకా సింగపూర్ కలకత్తా కింద ఉంది, కాపలా ఉన్నది ఎక్కువగా మద్రాసు సిపాయిలు. ఆ మద్రాసు పటాలాల్లో మనవాళ్ళు తక్కువేమీ కాదు. ఉత్తరాదిన కంపెనీ సిపాయిని "తిలంగా" అనేవాళ్ళంటే చూసుకో. వ్యాపారులు 1857లోనే మమ్మల్ని ఇండియా నుంచి విడదీయండని అర్జీ పెట్టారు. పని జరిగింది పదేళ్ళకు, 1867 ఏప్రిల్ 1న. ఆలస్యంలో పెద్ద పాలు పటాలం ఖర్చుదే. ఎవరు భరించాలని లండన్ ఆఫీసులు ఒకరి మీదికి ఒకరు ఫైలు నెట్టుకున్నాయి. 1863లో స్టాంపు డ్యూటీ వచ్చి రాబడి కాస్త నిలదొక్కుకున్నాకే వ్యవహారం కదిలింది.

మన దత్త మండలాల పోలిక తెచ్చావు, సంతోషం. నేను కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్న నేల పటాలం ఖర్చు కిందే చేతులు మారింది మరి. 1798 ఒడంబడికలో నిజాం కంపెనీ సైన్యానికి ఏడాదికి 24 లక్షల పైచిలుకు రూపాయలు నగదుగా ఇవ్వాలి. 1800 అక్టోబర్‌లో ఆ నగదు బదులు బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు వైపు సీమ రాయించుకున్నారు. అయితే దీన్ని ఫుట్‌నోట్‌లోనే ఉంచు. నిజాం ఒడంబడిక మీద సంతకం పెట్టిన రాజు, సింగపూర్ నేరుగా కాలనీ. మండలి, బడ్జెట్, ఓటు, ఇవేవీ అప్పట్లో మనకు లేవు. సొంతూరి మీద ప్రేమతో చాప్టర్ దారి తప్పించకు.

చివర్లో సింగపూర్ నౌకా స్థావరం గురించి "స్వచ్ఛంద విరాళాలు" అని రాసి వదిలేశావు. మన పెళ్ళిళ్ళలో చదివింపులు గుర్తు తెచ్చుకో. మైకులో పేరు చదువుతారు కాబట్టి ఇస్తాం. హాంకాంగ్ రెండున్నర లక్షల పౌన్లు, మలయా సమాఖ్య రాష్ట్రాలు ఇరవై లక్షలు, స్ట్రెయిట్స్ భూమి, 1935లో రాజుగారి జూబిలీకి జోహోర్ సుల్తాన్ ఐదు లక్షలు. ప్రతి కానుకకూ ముందు నడిచిన ఉత్తరాలు చదువు, అడిగిందెవరో తేలుతుంది. స్థావరం 1938 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది, సింగపూర్ 1942 ఫిబ్రవరి 15న జపాన్ చేతిలో పడింది. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టు చాలు, వ్యాఖ్యానం వద్దు.

చాప్టర్ మొత్తం మళ్ళీ పంపకు, ముందు ఆ పట్టిక పంపు. వచ్చే ఆదివారం మాకు సాయంత్రం నాలుగున్నరకు, అంటే మీకు ఏడుకు, ఫోన్ చెయ్యి. మీ పెద్దమ్మ కొర్రలు, ఊరగాయ ఎవరి చేత పంపాలని అడుగుతోంది. అటు వచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు.

ఇట్లు,
పెదనాయన